రెండు గదులు, మూడు నిద్రలు

ఆ ఇంట్లో పగలు మాట్లాడాలంటే వంటింట్లోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, చెవులు కొరుక్కోవాలి. ఇంటాయనది బేకరీలో రాత్రి షిఫ్ట్. తెల్లవారి వచ్చి పడుకుంటే సాయంత్రానికి లేస్తాడు. ఆ నిద్రకు కాపలా ఆయన తల్లి. కిటికీలకు దుప్పట్లు కట్టింది. కాలింగ్ బెల్ తీగ పీకేసింది. గిన్నెలు తోమితే చప్పుడవుతుందని కొడుకు పనికి వెళ్లేదాకా సింకులోనే ఉంచేది. కోడలు కాపురానికి వచ్చేనాటికే ఇదంతా ఆ ఇంటి చట్టం. ఆమె కూడా పిల్లి అడుగులు నేర్చుకుంది. పెద్ద కష్టమనిపించలేదు. సిటీ బస్సు డ్రైవరు కాబట్టి పగలు ఆమె ఇంట్లో ఉంటే కదా.

ఇప్పుడు కాన్పు సెలవులో ఉంది. పిల్లాడికి నెల దాటింది. పగలు వాడు ఒళ్లు తెలియకుండా పడుకునేవాడు. పాలకు లేపినా కళ్లు తెరవకుండానే తాగి మళ్లీ పడుకునేవాడు. నాన్న నిద్ర చెడగొట్టని బంగారుకొండ అని నాయనమ్మ మురిసిపోయేది. సాయంత్రం ఇంటాయన గడప దాటగానే దుప్పట్లు పక్కకు జరిగేవి, లైట్లన్నీ వెలిగేవి, గిన్నెలు మోగేవి. పగలంతా బిగబట్టిన అత్తగారి నోరు అప్పుడు గట్టు తెంచుకునేది. మనవణ్ణి ఒళ్లో వేసుకుని లోకంలో ఉన్న కబుర్లన్నీ వాడికే చెప్పేది. వాడు కళ్లింత చేసుకుని వినేవాడు. ఇక తెల్లవార్లూ అదే వరస. తల్లికి కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఇచ్చిందే కొద్ది సెలవు, అదీ అయిపోవస్తోంది. నిద్ర లేని డ్రైవరు చేతికి బస్సు ఇవ్వరు. ఇచ్చినా ఆమె తీసుకోదు. డిపోలో కూర్చుని చేసే పని ఏదైనా అడగమని అత్తగారు రెండుసార్లు అంది. ఆమెకు స్టీరింగ్ వదిలే ఉద్దేశం లేదు. రెండుసార్లూ మాట దాటేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె బస్సులో పనిచేసే కండక్టర్ పిల్లాణ్ణి చూడటానికి వచ్చింది. బస్సు వెనక సీటుదాకా వినపడేలా స్టాపుల పేర్లు అరిచే గొంతు ఆమెది. లోపలికి వచ్చి చీకటి చూసింది. వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడ్డ అత్తగారిని చూసింది.

"ఏమే, ఎవరైనా పోయారా?" అని చెవిలో అడిగింది.

నవ్వాపుకుంటూ కోడలు సంగతంతా చెప్పింది. కండక్టర్ గొంతు తగ్గించాననే అనుకుంది. "పట్టపగలు అర్ధరాత్రి చేసి పెడితే, వాడు అర్ధరాత్రిని పట్టపగలు చేసుకోడూ? పసివాడికి ఏం తెలుసు?"

లోపల మంచం కిర్రుమంది. అత్తగారు కండక్టర్ వైపు కొరకొరా చూసింది.

మర్నాడు టీకాకు వెళ్లినప్పుడు ఆమె నర్సును అడిగింది. ఈ వయసు పిల్లలకు పగలూ రాత్రీ తేడా ఇంకా తెలియదని, వెలుగూ చప్పుడూ చూసి మెల్లగా నేర్చుకుంటారని నర్సు చెప్పింది. రాత్రి పాలకు లేవడం మామూలే, మాన్పించకూడదు. తాగాక ఆటా మాటా లేకుండా పడుకోబెట్టడమే పని.

ఆ సాయంత్రం ఇంటాయన బేకరీకి బయల్దేరేలోపు ఆమె తల్లీకొడుకులను కూర్చోబెట్టి చెప్పింది. సామాన్లు పడేసిన వెనక గది ఖాళీ చేసి ఆయన అక్కడ పడుకోవాలి. దుప్పట్లన్నీ ఆ కిటికీకే. ముందు గది పగలు తెరిచే ఉంటుంది, ఇంట్లో పనులు పనుల్లాగే సాగుతాయి. రాత్రి ఒక్క చిన్న లైటు. పిల్లాడి కళ్లు మూతలు పడుతుండగానే వాడి చిన్న మంచంలో వెల్లకిలా వేయాలి. మంచంలో దిండూ బొమ్మా ఏవీ ఉండకూడదు. అడగడం కాదు, డ్యూటీ చార్టు చదివినట్టు చెప్పింది.

అత్తగారి ముఖం మాడిపోయింది. "వాడు నిప్పు దగ్గర పనిచేసేవాడు. నిద్ర చాలక చెయ్యి కాల్చుకుంటే?"

"నేను బస్సు నిండా జనాన్ని ఎక్కించుకుని నడిపేదాన్ని అత్తయ్యా. నాకు చాలకపోతే?"

బూట్ల తాళ్లు కట్టుకుంటున్న ఇంటాయన తలెత్తాడు.

"అమ్మా, చప్పుడు చెయ్యొద్దని నేనెప్పుడైనా అన్నానా?"

ఆయన చెప్పింది ఇదీ. బేకరీలో పిండి కలిపే మిషన్ రాత్రంతా రొద పెడుతూనే ఉంటుంది. అది ఆగితేనే అందరూ ఉలిక్కిపడతారు. ఇంట్లో అంత నిశ్శబ్దంలో చెంచా జారిపడినా ఆయనకు మెలకువ వచ్చేస్తుంది. ఏదో ఒక మోత ఉంటే ఇంకా బాగా పడుకుంటాడు. తన కోసం అమ్మ అంత కష్టపడుతుంటే ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

"అయితే ఇన్నేళ్లూ నా నోరు ఊరికే కుట్టేసుకున్నానా?" అంది అత్తగారు. ఆ పూట మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే దుప్పట్లు వెనక గదికి మారాయి. ముందు గదిలో బూజు కనపడింది. అత్తగారే చీపురు పట్టుకుంది, నోరూ తెరిచింది. మిక్సీ తిరుగుతుంటే వెనక గదిలోంచి గురక వినిపించింది. పిల్లాడు ఆ వెలుగులో, ఆ మాటల్లో కాసేపు పడుకునేవాడు, కాసేపు లేచి చూసేవాడు.

రాత్రులు అంత సులువుగా దారికి రాలేదు. వాడికి కబుర్ల వేళ అయ్యేది. నాయనమ్మ గొంతు కోసం తల తిప్పి వెతికేవాడు. ఆవిడ గోడవైపు తిరిగి దుప్పటి ముసుగేసుకునేది. తల్లి పాలిచ్చి, గుడ్డ మార్చి, మాట్లాడకుండా పడుకోబెట్టేది. ఏడిస్తే ఎత్తుకునేది, ఊరుకున్నాక మళ్లీ మంచంలోనే వేసేది. ఇవాళ కాకపోతే రేపు అన్నట్టు ఉండేది ఆమె తీరు. వాడు లేచి ఉండే సేపు మెల్లగా తగ్గుతూ వచ్చింది.

ఒక రాత్రి వాడు మూలగడం మొదలుపెట్టగానే అత్తగారు లేచి వచ్చి చెయ్యి చాపింది. కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండండి. ఇది ఏడుపు కాదు, గొణుగుడు. ఏడిస్తే మీకంటే ముందు నేనే ఎత్తుకుంటాను."

ఏ చప్పుడుకు బండి ఆపాలో, ఏది దానంతటదే సర్దుకుంటుందో ఆమెకు తెలుసు. ఇద్దరూ నిలబడి చూశారు. వాడు కాళ్లు తన్నాడు, పిడికిలి నోటికి తెచ్చుకున్నాడు, ఒక నిట్టూర్పు విడిచాడు. కళ్లు మూతపడ్డాయి.

"నన్ను వెతుక్కోవడం మానేశాడు" అంది అత్తగారు చిన్నగా.

"పొద్దున్న వెతుక్కుంటాడు. పగలంతా మీ చేతుల్లోనేగా. నేను డ్యూటీలో ఉంటాను."

అత్తగారు చిన్న లైటు గోడవైపు తిప్పింది. తర్వాత అడిగింది.

"డ్యూటీ ఎప్పటినుంచి?"

"సోమవారం."

"మరి నిలబడ్డావేం? పో, పోయి పడుకో."

తెల్లవారేలోపు వాడు పాలకు లేస్తాడు, లేవాలి కూడా. అందాకా ఆమె పడుకుంది.