కొండ మీద కాపలా

అడిగిందీ వాళ్ళే, అరగంట ఇస్తామన్నదీ వాళ్ళే. ఫ్రాన్సు దక్షిణాన ఉన్న ఓ చిన్న ఊరి చరిత్ర చెప్పమని అమెరికాలోని ఇర్వింగ్ తెలుగు చర్చి వాళ్ళు అడిగితే, పర్సిస్ ఆఫీసుకి సెలవు పెట్టి మరీ చదివింది. పూర్వం అక్కడి కేథలిక్ రాజు ప్రొటెస్టెంట్ల ఆరాధనని నిషేధించిన రోజుల్లో ఆ ఊరివాళ్ళు కొండల్లో చాటుగా కూడుకునేవారట.

తీరా ఆదివారం వచ్చేసరికి, పుట్టినరోజుల వాళ్ళనీ పెళ్ళిరోజుల వాళ్ళనీ ముందుకి పిలిచి ఒక్కొక్కరికీ విడివిడిగా ప్రార్థన చేశారు. తర్వాత దేవుడు చేసిన మేలు చెప్పుకుంటూ గ్రీన్‌కార్డ్ వచ్చినవాళ్ళ సాక్ష్యం, ఫ్రిస్కోలో ఇల్లు కొన్నవాళ్ళ సాక్ష్యం. పర్సిస్‌కి ఒళ్ళు మండిపోతోంది. సంఘపెద్ద ప్రేమానందం గారైతే భోజనాల వ్యాన్ కోసం తలుపు దగ్గరే నిలబడ్డారు. చివరికి ఆమెను పిలిచి, "రెండు ముక్కల్లో తేల్చెయ్యమ్మా," అన్నారు.

పర్సిస్ కాగితాలు మడిచి పక్కన పడేసింది.

"ఆ ఊరి ఆడవాళ్ళు చిట్టి బైబిల్‌ని కొప్పులో దాచుకుని కొండెక్కేవారు," అంది మైకులో. "పట్టుబడితే జైలే. అందుకని ప్రార్థన జరిగినంతసేపూ ఒక మనిషిని కాపలా పెట్టేవారు. సైనికుల అలికిడి కాగానే అతను కేక వేసేవాడు. ఆ కేక వినపడగానే..."

"బిర్యానీ వచ్చేసింది," అన్నారు ప్రేమానందం గారు తలుపు దగ్గర నుంచి.

హాలంతా ఒక్కసారిగా లేచింది.

"...అందరూ ఉన్నపళంగా లేచి పరిగెత్తేవారు," అని పర్సిస్ ఖాళీ కుర్చీలకి చెప్పింది.