కిటికీ తీసి ఉతుకు

"గుడ్డలు తెచ్చాను. వీలు చూసుకుని ఉతికెయ్," అన్నాడు ఆయన, సంచిని స్నానాలగది గుమ్మంలో దించి.

వీలు చూసుకుని అంటే ఎల్లుండి ఉదయం డ్యూటీకి వెళ్లేలోపు అని. పెళ్లయిన కొత్తలోనే ఆ మాటకు అర్థం తెలుసుకున్నాను.

ఆయన అచ్చు ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. సబ్బులకూ బిస్కెట్లకూ చుట్టే ప్లాస్టిక్ కవర్ల మీద అక్కడ బొమ్మలు అచ్చువేస్తారు. రంగు మార్చినప్పుడల్లా థిన్నర్‌లో ముంచిన గుడ్డతో రోలర్లు తుడుస్తారు. ఆ గుడ్డలు పారేయకుండా మా ఇంటికి వచ్చేవి. కొత్త గుడ్డల వాడకం సగానికి తగ్గించినందుకు ఆయనకు కంపెనీ వాళ్లు షీల్డు కూడా ఇచ్చారు. అది హాల్లో టీవీ పక్కన ఉంటుంది. దాని మీద దుమ్ము తుడిచేదీ నేనే.

వేడినీళ్లు పోస్తే తప్ప ఆ రంగు వదలదు. మా స్నానాలగదిలో గోడకి గ్యాస్ గీజరు ఉంది. కొళాయి తిప్పగానే దాని లోపల మంట అంటుకుంటుంది. ఆ మంట కింద కూర్చుని, సంచి మూతి విప్పి, ఇంకా తడి ఆరని గుడ్డల్ని టబ్బులో వేసేదాన్ని. కాసేపటికి తల దిమ్మెక్కేది. "అదేమిటో, టీవీ ముందు కూర్చుంటే ఎప్పుడూ రాదు నీకీ తలనొప్పి," అనేది అత్తయ్య. మా బుల్లిది నా ఒళ్లో పడుకోబోయి ముక్కు మూసుకునేది. "అమ్మా, నువ్వు కొత్త తలుపులా వాసనొస్తున్నావ్." ఆయనతో చెబితే, టీ తాగితే పోతుందనేవాడు. టీ పెట్టుకునేదాన్ని. ఆయనకూ ఒక కప్పు ఇచ్చేదాన్ని.

మొన్న చలికాలంలో కిటికీ మూసి ఉతుకుతుండగా గీజరు ధన్‌మంది. ముఖం మీదికి వేడి కొట్టింది. ముంగురులు కాలి చేతిలోకి రాలాయి. అత్తయ్య పరుగెత్తుకొచ్చి, నాకేమీ కాలేదని చూసుకుని, నవ్వింది. "పోనీలే, పార్లరు ఖర్చు తప్పింది." ఆ సాయంత్రం ఆయన నా నుదురు తాకి చూశాడు. తరువాత, "కిటికీ తీసి ఉతుకు. చలేస్తే స్వెటర్ వేసుకో," అన్నాడు. నా నుదుటి మీద ఆయన చెయ్యి వేసి ఎన్నాళ్లయిందో. ఆ మాటని దాచుకున్నాను. అత్తయ్య దెప్పినప్పుడల్లా, ఆయనకి నా మీద ధ్యాస ఉంది అని ఆ మాట తీసి చూసుకునేదాన్ని.

సంచి తెచ్చిన మర్నాడు ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవం. ఇంటివాళ్లను కూడా రమ్మన్నారు. బుల్లిదాన్ని అత్తయ్య దగ్గర వదిలి వెళ్లాను. ఆరుబయట కుర్చీలు వేశారు. భద్రత గురించి చెప్పేది ఆయనేనని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

ఆయన ఒక బల్ల మీద పొడుగాటి రేకు తొట్టిని ఏటవాలుగా పెట్టాడు. కింది చివర కొవ్వొత్తి వెలిగించాడు. పై చివర థిన్నర్ గుడ్డ ఉంచి వెనక్కి జరిగాడు. గుడ్డకీ మంటకీ మధ్య మనిషి పొడుగంత దూరం ఉంది.

"చూస్తూ ఉండండమ్మా," అన్నాడు.

కాసేపు ఏమీ కాలేదు. పిల్లలు గుసగుసలాడుతున్నారు. ఉన్నట్టుండి కొవ్వొత్తి దగ్గర్నుంచి మంట తొట్టిలో పైకి పరుగెత్తింది. గుడ్డ భగ్గుమంది. నా పక్కన కూర్చున్న మెకానిక్ భార్య "అమ్మో" అని నా చెయ్యి పట్టుకుంది.

"గుడ్డ మంట దగ్గరికి వెళ్లలేదు. గుడ్డలోంచి లేచిన ఆవిరి వెళ్లింది. అది గాలి కంటే బరువు. కంటికి కనపడదు, నేల మీద పాకుతుంది. మూసిన గదిలో అయితే ఎటూ పోదు. స్విచ్చి వేసినా చాలు, ఆ నిప్పురవ్వకే అంటుకుంటుంది. తుడిచిన గుడ్డని మూత ఉన్న ఇనుప డబ్బాలోనే వెయ్యాలి. ఈ గేటు దాటించకూడదు. అర్థమైందా అమ్మా? మళ్లీ చెప్పనా?"

మళ్లీ చెప్పాడు. ఎవరో ముసలాయనకు వినపడలేదంటే మూడోసారీ చెప్పాడు. ఆయన ఇంత ఓపిగ్గా మాట్లాడగలడని నాకు తెలియదు.

మెకానిక్ భార్య లేచి నిలబడింది. "మరి ఈ గుడ్డలన్నీ ఎక్కడ ఉతికిస్తారండీ?"

"బయట లాండ్రీకి ఇస్తామమ్మా," అన్నాడు. నా వైపు చూడలేదు. అలాగని తడబడనూ లేదు. పక్కనే కూర్చున్న మేనేజర్ తల ఊపాడు.

నా చెయ్యి దానంతటదే ముంగురుల మీదికి వెళ్లింది. అప్పుడు గుర్తొచ్చింది. సంచి ఇంకా స్నానాలగదిలోనే ఉంది. మధ్యాహ్నం బుల్లిదానికి తలస్నానం చేయిస్తానని అత్తయ్య అన్నది.

ఫోను చేశాను. ఎత్తలేదు. ఇంటికి ఎలా వచ్చానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు. తలుపు తీసేసరికి వాసన హాల్లోనే కొట్టింది. అత్తయ్య స్నానాలగదిలో ఉంది. నాకు సాయం చేద్దామనుకుని గుడ్డలన్నీ టబ్బులో పరిచింది. ఏళ్ల తరబడి చేయని సాయం ఆ రోజే చేసింది. కిటికీ మూసే ఉంది. బుల్లిది బట్టలు విప్పుకుని గెంతుతోంది. అత్తయ్య చెయ్యి కొళాయి మీద ఉంది.

"తిప్పకండి!"

ఆ ఇంట్లో నేను అరవడం అదే మొదలు. అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏమైందే నీకు, దయ్యం పట్టిందా? చీకటిగా ఉంది, ముందు ఆ లైటు వెయ్యి."

"లైటు కూడా వద్దు. పిల్లని తీసుకుని వీధిలోకి నడవండి."

నా ముఖంలో ఏం చూసిందో, మారుమాట లేకుండా నడిచింది. నేను కిటికీ, తలుపులు అన్నీ తీశాను. పప్పులు పోసుకునే పెద్ద స్టీలు డబ్బా ఖాళీ చేసి, గుడ్డలన్నీ అందులోకి ఎత్తి, మూత బిగించి పెరట్లో నీడన పెట్టాను. ఆయన చెప్పిందంతా చెప్పినట్టే చేశాను. పాఠం బాగా చెప్పాడు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

"మీకు ముందే తెలుసా?"

"ఏంటి?"

"గుడ్డల సంగతి."

చెప్పులు విడుస్తూ అన్నాడు. "తెలియకపోతే కిటికీ తీసి ఉతకమని ఎందుకంటాను?"

విసుగ్గా అన్నాడు, నేను మందబుద్ధినన్నట్టు. అరిచినా, అబద్ధమాడినా అంత ఉలిక్కిపడేదాన్ని కాదేమో. నేను దాచుకున్న ఒకే ఒక్క మాట అది.

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా," అన్నాడు లోపలికి వెళుతూ. "నలుగురిలో వాగేవు, నా ఉద్యోగం పోతుంది. వచ్చే వారం నుంచి తక్కువ తెస్తాలే. టీ పెట్టు."

అత్తయ్య బుల్లిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కొడుకు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ పూట ఎవరూ టీ పెట్టలేదు.

తెల్లవారాక, ఆయన ఇంకా గడ్డం గీసుకుంటుండగా, డబ్బా ఎత్తుకుని బయలుదేరాను. "ఎక్కడికే?" అంది అత్తయ్య. చెప్పాను. ఆవిడ ఆపలేదు. "డబ్బా మాత్రం వెనక్కి తీసుకురాకు, ఇంక పప్పులు పోయడానికి పనికిరాదది," అంది. బస్సు ఎక్కలేదు. ఇలాంటివి నలుగురూ ఉన్న బండిలో పెట్టకూడదు కదా. నడిచే వెళ్లాను.

ఫ్యాక్టరీ గేటు బయట వాచ్‌మన్ సిగరెట్ కాలుస్తున్నాడు. దూరంగానే ఆగి డబ్బా కింద పెట్టాను.

"ముందు ఆ సిగరెట్ ఆర్పండి. తరవాత మేనేజర్ గారిని పిలవండి."

అతను సిగరెట్ ఆర్పి, నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశాడు.

"ఇంతకీ మీరెవరమ్మా?"

"మీ లాండ్రీని," అన్నాను.