గడప బయటి బూట్లు

నేను ఒక ట్రెడ్‌మిల్‌ని. కాకినాడలో మురహరిగారి హాల్లో, దేవుడి గదికి ఆనుకుని ఉంటాను. నా పిడి మీద తడి తువ్వాలు ఎవరు ఆరేశారని ఓ ఉదయం ఆయనకీ భార్య హైమవతిగారికీ వాదన వచ్చింది. ఆరేసింది ఆయనేనని ఇద్దరికీ తెలుసు. అయినా కాఫీలు చల్లారేదాకా ఆ వాదన సాగింది.

నాకు తువ్వాళ్లు కొత్త కాదు. నడిపించడానికి నన్ను తయారుచేస్తే, మొదట కొన్న ప్లీడరుగారు నెల తిరక్కుండా దండెం చేశారు. షుగరు వచ్చాక మురహరిగారు నన్ను ఆయన దగ్గర కొన్నారు. కానీ ఈయన మనసంతా గడప బయటి బూట్ల మీదే. రోజూ వాటితోనే పార్కుకు వెళ్లేవారు. బురదతో తిరిగొస్తే వాటిని తుడిచేవారు. నా మీది దుమ్ములో మాత్రం వేలితో గీత గీసి వెళ్లిపోయేవారు. నాకు ఒళ్లు మండేది.

ఇంతలో వానలు పట్టాయి. ఆయన నావైపు తిరిగారు. దేవుడి గది పక్కన బూట్లేమిటని వాళ్లమ్మ శేషారత్నంగారు అనడంతో వట్టి కాళ్లతో ఎక్కారు. బయట బూట్లు జల్లుకు తడుస్తుంటే నా ఆనందం ఇంతా అంతా కాదు. ఏదో తిన్నాకే, జేబులో గ్లూకోజు బిళ్లలతో, రోజూ నడిచేవారు. అంతా డాక్టరు చెప్పినట్టే, కాళ్ల సంగతి తప్ప.

ఒకనాడు నా బెల్టు తుడుస్తున్న హైమవతిగారి చేతిగుడ్డకు ఎర్రటి మరక అంటింది. ఆయన్ని కూర్చోబెట్టి పాదం తిప్పి చూశారు. బొటనవేలి కింద పొక్కు చితికి ఉంది.

"నొప్పి తెలియలేదా?"

"తెలిస్తే ఆగేవాణ్ణి కదా," అన్నారాయన.

షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందని, ఇంకా ఆలస్యమైతే వేలే పోయేదని డాక్టరు చెప్పారట. పుండు మానేదాకా కూర్చుని చేసే వ్యాయామమే చెయ్యాలి. తర్వాత ఇంట్లో నడిచినా మేజోళ్లూ బూట్లూ ఉండాలి, రోజూ పాదాలు చూసుకోవాలి. బూట్లతో నడిచినన్నాళ్లూ ఆయన కాలికి గీత కూడా పడలేదు. ఆ సంగతే నన్ను ఎక్కువ కాల్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శేషారత్నంగారు చారన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపారు.

"హైమా, వీడికి ఇంట్లోకని వేరే బూట్లు కొను. పుండు మానాక అవేసుకునే ఎక్కుతాడు."

అంటే నా పగవాళ్లను ఇక నేనే మొయ్యాలి.

"దేవుడి గది పక్కనేనా అమ్మా?" అన్నారు మురహరిగారు.

"దేవుడి గదికి తలుపుంది, వేస్తాను. నీ కాలికేముందిరా?"