ఆర్డర్ల బోర్డు

బేకరీలో పనిచేసేవాళ్ళకి ఒక చెడ్డ అలవాటుంది. ఒళ్ళు కాలితే పొయ్యి వేడి అంటారు, ఒంటి మీద మచ్చలు లేస్తే పిండి దురద అంటారు. అలా అనేస్తే రోగం సిగ్గుపడి పారిపోతుందన్నట్టు! అక్క నడిపే బేకరీలో కేకులు చేసే చెల్లెలు, అందరూ మిరపకాయ అని పిలిచే ఆవిడ కూడా నాలుగు రోజులు అలాగే సరిపెట్టుకుంది.

ఐదో రోజు అద్దం ముందు నిలబడింది. పిండి దురద చేతులకే వస్తుంది, గోకేదాకా ఊరుకోనివ్వదు. ఈ ఎర్ర మచ్చలు ఛాతీ మీదున్నాయి, దురద లేదు. మెడ పక్కన బిళ్ళలు వేలికి తగులుతున్నాయి, గుటక పడటం లేదు. మూడు వారాల కిందట, పెళ్ళి చేసుకుందామన్న మనిషితో గడిపిన రోజు గుర్తొచ్చింది. ఆ తర్వాత వాడు ఫోనే ఎత్తలేదు. భయం వేసింది. అంతకన్నా ఎక్కువ కోపం వచ్చింది.

"అక్కా, హెచ్ఐవి పరీక్షకి వెళ్తున్నా."

అక్క చేతిలో ట్రే జారింది. "నోరు ముయ్యవే! ఎవరైనా వింటే మన బ్రెడ్డు ముట్టుకుంటారా?"

"బ్రెడ్డుతో అంటుకోదు. తెలియనివాళ్ళకి చెప్తాను గానీ, నోరు మాత్రం ముయ్యను."

పట్టపగలే ఆసుపత్రికి వెళ్ళింది. నర్సు అంతా విని అంది: "ఇవి మామూలు వైరల్ జ్వరంలోనూ వస్తాయమ్మా. చూసి చెప్పలేం, రక్తమే చెప్పాలి."

రక్తపరీక్షలో హెచ్ఐవి లేదని వచ్చింది. నర్సు మాత్రం అంది: "ఇదే చివరి మాట అనుకోకండి. మరీ తొందరగా చేస్తే ఒక్కోసారి దొరకదు. ఆ రోజు నుంచి మూడు నెలలు నిండాక మళ్ళీ రండి."

సంగతి వినగానే అక్క ఎగిరి గంతేసింది. "గండం గడిచింది! ఇక ఆ ఊసెత్తకు."

"పొంగింది కదా అని సగంలో ఓవెన్ తలుపు తీస్తే కేకు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

ఆర్డర్లు రాసే నల్లబోర్డు కొట్టు ముందే ఉంటుంది. పుట్టినరోజు కేకుల కింద మిరపకాయ సుద్దముక్కతో రాసింది: మిరపకాయ, హెచ్ఐవి పరీక్ష, పక్కన మూడు నెలలు నిండే తేదీ. అక్క తుడిచేసింది. ఆమె మళ్ళీ, ఇంకా పెద్ద అక్షరాలతో రాసింది.

"సిగ్గులేదా నీకు?"

"జ్వరానికి సిగ్గేంటి? తెలుసుకోకుండా దాక్కునేవాళ్ళు పడాలి సిగ్గు!"

అక్క తుడిచే గుడ్డ పక్కన పడేసి కౌంటర్ వెనక్కి వెళ్ళింది. బావ నెలలో సగం రోజులు వేరే ఊళ్ళలోనే ఉంటాడు. అక్కడ ఆయనకి ఇంకెవరో ఉన్నారన్న మాట అక్క చెవిన పడి రెండేళ్ళయింది. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఎవరో వచ్చి బన్నులు అడిగితే అక్క పొట్లం కట్టిచ్చింది. చేతులు తుడుచుకుని బోర్డు దగ్గరికి నడిచింది. మిరపకాయ ఇంకో సుద్దముక్క అందుకుని పోట్లాటకి సిద్ధమైంది.

అక్క తుడవలేదు. ఆ వరుస కిందే రాసింది: అక్క, అదే పరీక్ష, రేపు ఉదయం.

"నేను మూడు నెలలు ఆగక్కర్లేదు కదే?" అంది.

"అక్కర్లేదక్కా. ఇప్పటికే రెండేళ్ళు ఆగావు."