కరెంటు పెట్టెకి తాళం

పక్కింటి తౌనో మీద హిల్కాకి అనుమానం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఆవిరిస్నానాల గది, అదే సౌనా, వాడుకునే వంతు దగ్గర ఆమె భర్త ఆర్వోతో గొడవపడి, రెండు చలికాలాలుగా మాటల్లేని మనిషి. పైగా ఈ రెండిళ్ళ కార్లకీ పార్కింగ్‌లో ఒకటే కరెంటు స్తంభం. దాని పెట్టెలో వీళ్ళకొక ప్లగ్గు, అతనికొక ప్లగ్గు. రోజూ పెట్టి తీసేది కారు వైపు కొసే, పెట్టె జోలికి ఎవరూ పోరు. తెల్లవారుజామున ఆ కరెంటుతో ఇంజన్ వేడెక్కకపోతే ఆ మంచులో ఏ కారూ కదలదు.

పోయిన వారం వీళ్ళది కదల్లేదు. ఆర్వోకి డయాలసిస్ ఉన్న రోజే! టాక్సీ దొరికేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత కారు బాగానే నడుస్తోంది గానీ, హిల్కా మనసు మాత్రం కుదుటపడలేదు.

ఇవాళ సాయంత్రం వంటింటి కిటికీలోంచి చూస్తే ఇంకేముంది? తౌనో పెట్టె తెరిచి, వీళ్ళ ఎర్ర వైరు పట్టుకుని లాగి చూస్తున్నాడు.

"చూశావా, నీ పాత స్నేహితుడి నిర్వాకం?"

"వాడంత నీచుడు కాదే," అన్నాడు ఆర్వో.

"అలాగే వెనకేసుకురా. రేపు బండి కదలకపోతే వాడొచ్చి నిన్ను మోసుకెళ్తాడా?"

తౌనో వెళ్ళిపోగానే కిందికి దిగి పెట్టె తెరిచింది. అనుకున్నంతా అయింది! తన ఎర్ర వైరు అతని ప్లగ్గులో ఉంది, అతని నల్ల వైరు తన ప్లగ్గులో. హమ్మ, ఎంత తెగింపు! ఎవరిది వాళ్ళ ప్లగ్గులోకి మార్చి, పెట్టెకి సైకిల్ తాళం బిగించి, హాయిగా నిద్రపోయింది.

పొద్దున ఆర్వోని ఎక్కించుకుని తాళంచెవి తిప్పితే కారు కుయ్యి మనలేదు. అటుగా వస్తున్న తౌనో కనబడగానే హిల్కాకి ఒళ్ళు మండిపోయింది.

"ఏమయ్యా! తాళం వేసినా నీ చేతివాటం ఆగలేదా? ఈయన ప్రాణం మీదికి తేవాలనా?"

తౌనో తాళం వైపు చూశాడు. "వైర్లు మళ్ళీ మార్చేశావా ఏంటమ్మా?"

"మార్చక? నా ప్లగ్గు నాది!"

"నీ ప్లగ్గు చచ్చి వారమైంది. లోపల తీగ తెగింది. కరెంటు వెళ్ళడానికొక తీగ, తిరిగి రావడానికొక తీగ ఉండాలి. తిరిగొచ్చే దారి తెగితే అది అసలు బయల్దేరదు. కరెంటాయన సోమవారం వస్తానన్నాడు. అందాకా మీది నా ప్లగ్గులో పెట్టాను. నిన్న వదులైందేమోనని లాగి చూశాను."

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

"మనకి మాటల్లేవు కదా," అంటూనే ఫోన్ తీసి టాక్సీ పిలిచాడు.

హిల్కా వెళ్ళి పెట్టె తాళం తీసింది. "మరి నీ కారు?"

"నాకు బస్సుంది."

అప్పుడు చూసింది ఆమె. అతని కారు మీద జానెడు మంచు, చక్రాలు సగందాకా కూరుకుపోయి ఉన్నాయి. నిన్న కిటికీలోంచి అతని చేతులే చూసింది గానీ, పక్కనే ఉన్న ఆ కారుని చూడనే లేదు. సిగ్గుతో ఆమెకి ఏడుపొచ్చింది.

ఆర్వో అద్దం దించాడు. "టాక్సీలో చోటుంటుంది. నువ్వూ ఎక్కరా, తౌనో."