అరవై రెండో వారం

ఆళ్లగడ్డలో బొమ్మల కథల సమావేశం ఏడుగురితో మొదలైంది. 1976 మే నెల, రెండో శనివారం. మిషన్ బడి వరండాలో రెండు బెంచీలు ఎదురెదురుగా వేసుకుని కూర్చున్నారు. పిలిచింది ఆ బళ్లో డ్రాయింగు నేర్పే దేవరాజు. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో రెండేళ్లపాటు 'ఇత్తడి గుర్రం' అని బొమ్మల కథ వచ్చింది. వారానికి ఒక్క పేజీ. మందారిక అనే పిల్ల, ఆమె ఎక్కి ఎగిరే ఇత్తడి గుర్రం, వాళ్లను తరిమే ఒంటికన్ను మాంత్రికుడు. ఆ ఏడుగురూ ఆ పేజీని వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి దాచుకున్నవాళ్లే. తన పిచ్చి ఇంకొకరికి కూడా ఉందని తెలియడమే ఆ రోజు ప్రతివాడికీ పండగైంది. దేవరాజు భార్య మణెమ్మ అందరికీ టీ పోసి, "పెండ్లాం పుట్టినరోజు గుర్తుండదు గానీ గుర్రం ఏ వారం ఎగిరిందో గుర్తుంటాది ఈయనకు" అని నవ్వింది.

కథ ముగిసిపోయినా సమావేశం ఆగలేదు. మూడో ఏడు నంద్యాల నుంచి శ్రీనివాసులు అనే టైలరు నల్ల అంగీ కుట్టుకుని, మేకబొచ్చు గడ్డం అతికించుకుని, ఒంటికన్ను మాంత్రికుడిగా బస్సులో వచ్చాడు. పగటివేషగాడనుకుని ఒకామె అతని సంచిలో శేరు బియ్యం పోసింది. వద్దనడానికి మనసొప్పక ఆ బియ్యం తెస్తే మణెమ్మ వండి అందరికీ పెట్టింది. ఆమె చేతి వంట ఆ సమావేశం తిన్నది అదే ఆఖరు. మరుసటి ఏడు జ్వరంతో పోయింది.

ఆ ఏడు సమావేశం ఉండదనుకున్నారు అందరూ. దేవరాజు మాత్రం అదే శనివారం పొద్దున్నే వరండా ఊడ్చి బెంచీలు వేశాడు. నలభై మంది వచ్చారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసే ప్రసన్నకుమారి మందారిక వేషంలో వచ్చింది. తర్వాత తర్వాత సంజామల నుంచి, కొలిమిగుండ్ల నుంచి కూడా రావడం మొదలైంది. 1982 నాటికి నూట అరవై మంది. సగం మంది ఎండలో నిలబడ్డారు, ఒకామె కండ్లు తిరిగి పడింది. ఇకమీద వరండా ఇవ్వలేమని బడి నడిపే చర్చి సంఘ పెద్దలు మర్యాదగానే చెప్పారు.

"ఇంక చాలించుకుందాం సార్. ఇంతమందిని కూర్చోబెట్టే చోటు యాడుంది?" అన్నాడు శ్రీనివాసులు.

"నంద్యాలలో ఉంది. అడిగొస్తా" అన్నాడు దేవరాజు.

నంద్యాలలో ఒక ప్రైవేటు బడికి పెద్ద హాలుంది. దాని కమిటీ ప్రెసిడెంటు నరసింహులు వేరుశనగ మిల్లు యజమాని, ఏ మాటైనా తెగ్గొట్టినట్టు అనేస్తాడు. దేవరాజు నాలుగుసార్లు తిరిగాడు. మొదటి రెండుసార్లు కూర్చోమనలేదు. మూడోసారి మజ్జిగ ఇప్పించాడు. అదే పెద్ద దయ అనుకుని దేవరాజు నాలుగోసారి వెళ్లాడు.

"వేషాలేసుకుని ఎగరడానికైతే హాలియ్యనప్పా. పదిమందికీ పనికొచ్చేదేమన్నా ఉందా?"

"కథ మొత్తం పెడతాం. నూట నాలుగు వారాలు, నూట నాలుగు పేజీలు. దండేలు కట్టి వరసగా తగిలిస్తాం. చదువు వచ్చినవాడు చదవొచ్చు, రానివాడు బొమ్మలు చూసుకుంటా నడిచిపోవచ్చు. ఇంత కథను ఒకేచోట చూసినోళ్లు ఎవరూ లేరు."

నరసింహులు ఆలోచించాడు. "సరే. ఈసారికిస్తా. చెప్పిందంతా ఉండల్ల. ఒక్క పేజీ తక్కువైనా మళ్లా నా గడప తొక్కొద్దు. సరిగ్గా ఉంటే ఏటేటా మీదే."

సమావేశానికి పది రోజుల ముందు అందరూ కుట్టిన పుస్తకాలు విప్పి పేజీలు వరస పెట్టారు. నూట మూడే వచ్చాయి. అరవై రెండో వారం లేదు.

అది ఎవరి దగ్గరా లేదని ఇన్నేళ్లూ వాళ్లకు తట్టలేదు. నీ దగ్గరుంటుందని నేను, నా దగ్గరుంటుందని నీవు. అరవై ఒకటిలో మాంత్రికుడు మందారికను పాడుబావిలో తోస్తాడు. అరవై మూడులో ఆమె బయట నిలబడి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందని ఏటా వాదించుకునేవాళ్లు, అంతే. గుర్రం వచ్చి ఎత్తుకుపోయిందని ప్రసన్నకుమారి. కాదు, జడకు చీర ముక్కలు కట్టి బావి మీది మర్రి ఊడకు విసిరిందని శ్రీనివాసులు.

"ఊరికే వాదించినావే ఇన్నేండ్లు! చూడకుండానే చెప్పినావా?" అంది ప్రసన్నకుమారి.

"నీవు చూసినావా ఏంది? నీ పేజీ యాడుంది మరి?"

"మాయమ్మ తీసుకునింది."

ఒక్కొక్కరినీ అడిగితే అన్ని ఇండ్లలోనూ అదే సంగతి. మామూలుగా బొమ్మల పేజీకి వెనకవైపు సబ్బుల ప్రకటనలుండేవి. ఆ ఒక్క వారం మాత్రం ఆడవాళ్లు ఆశగా చదివే నవల ఆఖరు భాగం చోటు చాలక ఈ పేజీ వెనక్కి పొంగింది. తల్లో, అక్కో, పెండ్లామో ముందుగా చింపి తమ నవలతో కుట్టేసుకున్నారు. ప్రసన్నకుమారి వాళ్లమ్మ పుస్తకం చెదలు తినింది. మిగతావి చేతులు మారి మారి పోయాయి.

దేవరాజుకు తన ఇంటి సంగతి బాగా గుర్తుంది. మణెమ్మ ఆ పేజీ పట్టుకుని, "ఇది నాకియ్యి. నీ పిల్ల ఎట్లాగూ బయటికొస్తాది గదా" అంది. తను చూడకుండానే ఇచ్చేశాడు. ఆ కుట్టిన నవలను ఆమె రుద్రవరంలో తనకు తెలిసిన ఉమామహేశ్వరమ్మకు చదవమని ఇచ్చింది. తిరిగి అడగాలని అతనికి ఎప్పుడూ తోచలేదు.

మరుసటి పొద్దున కత్తెర, ఒక గట్టి అట్ట సంచిలో పెట్టుకుని రుద్రవరం బస్సెక్కాడు.

ఉమామహేశ్వరమ్మకు అరవై దాటాయి. పెద్ద సేద్యం ఉన్న ఇల్లు. చెప్పిందంతా విని లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చింది. ఎర్రంచు చీర ముక్క అట్టకు అతికించి ఉంది. ఎర్రదారంతో కుట్లు, చీమలు బారు కట్టినట్టు ఒకే కొలతలో.

"మణెమ్మ చదివి ఇయ్యమని ఇయ్యలేదు సార్. పెట్టుకోమనింది. ఏటా ఎండల కాలంలో ఒకసారి చదువుకుంటా."

"ఒక్క పేజీనేమ్మా. చూపించి మళ్లా కుట్టిస్తా."

"ఆఖరు పేజీ పీకేస్తే నా కథ ముగిసేది యాడ? మీ గుర్రానికి కథ కావల్ల, నా కథకు వద్దా?"

దేవరాజు కత్తెర బయటికి తీయలేదు. ఆ కుట్లు విప్పితే మళ్లీ ఆ చేత్తో వేసేవాళ్లు లేరు. కానీ పేజీ లేకుండా పోనూలేడు. అరుగు మీద కూర్చుండిపోయాడు. బస్సు వచ్చి పోయింది.

"పోయేది లేదా?" అంది ఆమె.

"పేజీ లేకుండా పోను. చింపమనీ అనను."

ఆమె లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది.

"మరైతే పుస్తకం నేనే తీసుకొస్తా. నా చేతుల్లోనే ఉంటాది. చూసేవాళ్లు చూసుకోని."

లోపలి నుంచి కోడలు గొణిగింది. "వేషగాళ్ల నడుమ నువ్వు పోయి కూర్చుంటావా అత్తా?"

"నేనేం వేషం వేసుకోను గదమ్మా, పుస్తకం పట్టుకుని కూర్చుంటా. అంతే."

శనివారం హాల్లో తొమ్మిది దండేలు కట్టారు. శ్రీనివాసులు బట్టల క్లిప్పులతో పేజీలు తగిలించాడు. అరవై ఒకటికీ అరవై మూడుకీ మధ్య ఒక కుర్చీ వేశారు. ఉమామహేశ్వరమ్మ పట్టుచీరలో వచ్చి కూర్చుని, ఒళ్లో పుస్తకం తెరిచింది. మొదట వంగి చూసింది దేవరాజే. చూసి చాలాసేపు లేవలేదు. గుర్రం లేదు. జడ విసరడం లేదు. ఆరు గళ్ల బొమ్మలో మందారిక రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి ఒక్కో అడుగే ఎక్కి వస్తోంది. ఒక్క మాట కూడా రాసి లేదు. ఆఖరు గడిలో బావి ఒరమీద ఒక చెయ్యి.

"మన ఇద్దరిదీ తప్పే" అన్నాడు శ్రీనివాసులు ప్రసన్నకుమారితో, మేకబొచ్చు గడ్డం సవరించుకుంటూ.

పదిన్నరకల్లా మూడు వందల మంది. సగం దూరం నడిచాక అందరూ ఆ కుర్చీ దగ్గర ఆగిపోవడంతో వరస తలుపు దాటి బయటికి పోయింది. ఆ నవల పుస్తకం హాల్లో ఉందని ఎట్లా తెలిసిందో గానీ, పక్క వీధుల ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకు పేజీ ఆ వైపు కావాలి, వీళ్లకు ఈ వైపు. ఉమామహేశ్వరమ్మ అటు ఒకసారి ఇటు ఒకసారి తిప్పుతూ, "తొయ్యొద్దు, ఒకరి తర్వాత ఒకరు" అని కసురుతోంది.

మధ్యాహ్నం నరసింహులు వచ్చాడు. క్లిప్పులు లెక్కపెట్టుకుంటూ నేరుగా ఆరో దండెం దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇదేంది?"

"అరవై రెండో వారం" అన్నాడు దేవరాజు.

"కాయితం అంటివి గదప్పా. ముసలామెను కూర్చోబెట్టినావే."

"కాయితం ఈమె ఒళ్లో ఉంది. చింపలేదు. చింపను కూడా."

ఉమామహేశ్వరమ్మ తలెత్తింది. "చూడాలంటే వరసలో రా నాయనా. వీళ్లంతా పొద్దున్నుంచి నిలబడుకోనుండారు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నరసింహులు ముఖం ఎర్రబడింది. దేవరాజు పక్కకు జరిగి దారి ఇవ్వలేదు. చివరికి నరసింహులు నడిచి పోయి వరస చివర నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు పట్టింది. వంగి చూశాడు. చూపు పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి నడిచింది.

"ఈ పిల్లను బావిలో తోసిందెవరు?" అన్నాడు.

"అది అరవై ఒకటిలో ఉంటుంది" అన్నాడు దేవరాజు. "కానీ ఎందుకు తోసినాడో తెలియాలంటే మొదటి నుంచి చూడాల."

నరసింహులు చేతి గడియారం చూసుకుని మొదటి దండెం దగ్గరికి వెళ్లాడు.

నాలుగున్నరకు వాచ్‌మన్ తాళాలు ఆడిస్తూ వచ్చాడు. నరసింహులు అప్పుడు ఎనభై ఆరో వారంలో ఉన్నాడు. "ఉండు, ఉండు" అని చెయ్యి ఊపాడు. నూట నాలుగూ ముగించి, కండ్లజోడు తుడుచుకుంటూ దేవరాజు దగ్గరికొచ్చాడు.

"వచ్చే ఏడు కూడా రెండో శనివారమేనా?"

"శనివారం, ఆదివారం" అన్నాడు దేవరాజు. "రెండు దినాలు కావల్ల. ఒక దినం ఈ వైపు వాళ్లకు, ఒక దినం ఆ వైపు వాళ్లకు."

"అడిగింది ఇస్తే ఇంకొకటి అడుగుతాండావే!"

"అవునండీ."

నరసింహులు నవ్వలేదు. వాచ్‌మన్‌ను పిలిచి ఆఫీసు గదిలోంచి హాలు రిజిస్టరు తెమ్మన్నాడు.