టీ తాగేంతసేపు ఆగిన పెట్రోలు

నర్సమ్మ కారు షెడ్డులోకి రావడం చూసి చెవుల మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. ఏడాదిలో ఆ కారు అక్కడికి రావడం అది నాలుగోసారి.

ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడని అతనికి ఆ పేరు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాడు. షెడ్డు మాత్రం మేనమామది. పని నేర్పిందీ, ఆ తర్వాత కూతుర్నిచ్చిందీ మేనమామే.

నర్సమ్మ దిగి తలుపు వేసింది. ఆమె నర్సు, డ్యూటీ కొండ మీది ఆసుపత్రిలో.

"రెండో మలుపులో ఆగిపోయింది. ఆగడమే కాదు, వెనక్కి జారింది. వెనకాల లారీ. కార్లో నాతో ఇద్దరు ఆయాలు. టర్బో అన్నావు, మార్పించాను. పైపులన్నావు, అవీ అయ్యాయి. ఈసారి ఎక్కకపోతే కారు అమ్మేస్తా, కొండ డ్యూటీకి దండం పెడతా. అది చెప్పి పోదామనే వచ్చా."

"టర్బో సరిగ్గానే పనిచేస్తోంది నర్సమ్మా. ఈల వినిపిస్తోందిగా."

"ఈల వింటూ కొండెక్కమంటావా?"

"వాల్వులు మాత్రం కాదు," అన్నాడు మేస్త్రి. "పోయిన ఏడాది హెడ్ విప్పి నేనే చేశాను. మీ కళ్ల ముందే పెట్రోలు పోసి చూపించాను. చుక్క కారిందా?"

"కారలేదు. అదేగా నా ఖర్మ. నీ మాట నమ్మి ఊరంతా తిరిగాను."

ఆమె ఆటో ఎక్కి వెళ్లాక మేస్త్రి ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లకీ వరసగా ఒత్తిడి కొలిచే గేజి బిగించాడు. ఒకటి, రెండు, నాలుగు పన్నెండు చూపించాయి. మూడోది ఆరు దగ్గర ఆగింది. ఆ సిలిండర్‌లోకి గాలి పైపు పెట్టి వదిలితే సైలెన్సర్ చివర నుంచి బుస్సుమని వచ్చింది. స్క్రూడ్రైవర్ అవసరం రాలేదు, షెడ్డు గుమ్మం దాకా వినిపించింది. పొగ బయటికి పంపే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు. టర్బో ఎంత గాలి కొట్టినా ఆ సందులోంచే పోతోంది. కాదని పదకొండు నెలలుగా అతను ఒట్టేసి చెబుతున్నది అదే.

ఇంజను మీద వాల్వులుండే భాగాన్ని, హెడ్‌ని, దించడానికి ఒక రోజు పట్టింది. మూడో సిలిండర్ వాల్వు తీసి వెలుతురులో పట్టుకున్నాడు. అంచు ఒకచోట కాలి, కొరికిన గోరులా ఉంది. వేలు పెట్టి రాస్తే గీసుకుంది. పోయిన ఏడాది ఈ వాల్వునే అతను తోమి, అరగదీసి, మళ్లీ వేశాడు. కొత్తవి వద్దని అప్పుడు మామయ్యే అన్నాడు.

కొత్త వాల్వులు పదహారూ మూడో రోజు వచ్చాయి. మేస్త్రి ఒక్కోదానికీ అరగదీసే గరుకు పేస్టు రాసి, రబ్బరు కప్పున్న పుల్ల అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాడు. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఇక మిగిలింది గ్రీజు. వాల్వు కూర్చునే చోట, దాని సీటింగు చుట్టూ, వేలితో గ్రీజు పూసి అప్పుడు పెట్రోలు పరీక్ష చెయ్యాలి. వాల్వు ఎండిపోకుండా గ్రీజు అని మామయ్య మొదటి వారంలోనే నేర్పాడు. పన్నెండేళ్లుగా మేస్త్రి అది తప్పలేదు.

గ్రీజు డబ్బా బల్ల కింద ఉంటుంది. మూత ఎప్పుడో పోయింది. చూడకుండానే వేలు ముంచాడు. మెత్తగా ఏదో తగిలింది. బయటికి లాగితే వేలితోపాటు బల్లి వచ్చింది. పడి ఎన్నాళ్లయిందో, పొట్ట విడిపోయి ఉంది. తోక అతని వేలి కణుపుకి అంటుకుంది.

మేస్త్రి కాలువ దగ్గరికి పరిగెత్తి మధ్యాహ్నం తిన్నదంతా కక్కాడు. చెయ్యి పెట్రోలుతో కడిగాడు, సబ్బుతో కడిగాడు, ఇసకతో తోమాడు. డబ్బాని కాలితో తన్ని గోడవతలికి పంపాడు. మామయ్య స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాడు. ఈ ఒక్కసారికి గ్రీజు లేకుండానే కానిద్దాం అనుకున్నాడు మేస్త్రి.

హెడ్‌ని బల్ల మీద బోర్లించాడు. పైకి నాలుగు గుంటలు కనిపిస్తాయి, ఒక్కో గుంటలో నాలుగు వాల్వులు. గుంటల్లో పెట్రోలు పోసి, పక్కల ఉన్న రంధ్రాల కింద తెల్లకాగితం పరుస్తారు. కాగితం తడవకపోతే పని అయినట్టు. కస్టమర్‌కి టీ ఇచ్చి, టీ తాగేంతసేపు చూపించడం ఈ షెడ్డు పద్ధతి.

రెండు నిమిషాల్లో కాగితం మీద మరక పడింది. తర్వాత ఇంకోటి. కొత్త వాల్వులు, చేతులు పుండ్లయ్యేలా అరగదీసిన వాల్వులు, కారుతున్నాయి. పేస్టు పాడైందేమోనని ఇంకో డబ్బా తెరిచి మళ్లీ మొదటి నుంచి చేశాడు. మళ్లీ కారాయి.

అల్మారాలోంచి మూత విప్పని గ్రీజు డబ్బా తెచ్చాడు. ఒక గుంటలో వాల్వుల చుట్టూ పూశాడు, పక్క గుంటలో పూయలేదు. రెంటిలోనూ పెట్రోలు పోసి స్టూలు మీద కూర్చున్నాడు. పూయని గుంట కింద కాగితం అప్పుడే తడిసింది. పూసిన గుంట కింద పది నిమిషాలైనా పొడిగానే ఉంది. పావుగంటకి అక్కడా మొదటి చుక్క రాలింది. అందులో గ్రీజు కలిసి పచ్చగా, జిగురుగా ఉంది.

మామయ్య రెండు టీ గ్లాసులతో లోపలికి వచ్చేసరికి మేస్త్రి ఆ మరకనే చూస్తున్నాడు.

"మామయ్యా, ఈ గ్రీజు ఎందుకు రాస్తాం?"

"ఇప్పుడెందుకొచ్చిందిరా ఆ అనుమానం?"

"పెట్రోలు కారకుండానా?"

మామయ్య కాగితాల వైపు, కొత్త డబ్బా వైపు చూసి పకపకా నవ్వాడు.

"ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! తెలీదా నీకు? తెలిసే రాస్తున్నావనుకున్నా ఇన్నాళ్లూ. మన అల్లుడు భలే గుండె గలవాడే, కస్టమర్ ఎదురుగా కూడా మొహంలో ఏమీ తెలీనివ్వడని మీ అత్తతో ఎన్నిసార్లు చెప్పానో!"

మేస్త్రి తడిసిన కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"సీటింగులు కొయ్యాలి, వాల్వు కాడ ఆడే గైడ్లు మార్చాలి," అన్నాడు మామయ్య. "అది మెషిన్ షాపు పని. నాలుగు రోజులు లైన్లో పడుండాలి. ఏ కస్టమరు ఆగుతాడు? ఇంజను తిరిగితే వాల్వు దానంతటదే కుదురుకుంటుందిరా."

"కుదురుకోకపోతే?"

"మళ్లీ మన దగ్గరికే వస్తారు. ఎక్కడికి పోతారు?"

మామయ్య భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుని, అదే గుడ్డతో గ్లాసు అంచు తుడిచి అందించాడు. అంచు మీద పచ్చటి వేలిముద్ర ఉంది. మేస్త్రి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నర్సమ్మకి చెప్పేస్తాను."

"చెప్పు. షెడ్డు నాది, బోర్డు మీద పేరు నాది. ఈ మాట గుమ్మం దాటిన రోజు నీ పానాలు, సామాను నువ్వు సర్దుకో. కూతుర్నిచ్చానని చూడను."

ఇంట్లో అతను మూడోసారి చేతులు కడుగుతుంటే భార్య గుమ్మంలో నిలబడింది.

"సబ్బు అరిగిపోతోంది బావా. ఏం అంటుకుంది?"

"గ్రీజు."

"నాన్న చేతులూ అదే వాసన. చిన్నప్పుడు నాకు ముద్దలు కలిపి పెడితే అన్నానికీ వచ్చేది. అలవాటైపోతుందిలే."

మేస్త్రి నాలుగోసారి సబ్బు తీసుకున్నాడు.

మర్నాడు హెడ్‌ని గోనెసంచిలో చుట్టి మెషిన్ షాపుకి తనే మోసుకెళ్లాడు. మామయ్య గొణిగాడే తప్ప ఆపలేదు. నాలుగు రోజులు పట్టింది. గైడ్లు మారాయి, సీటింగులు కోశారు. ఐదో రోజు ఉదయం, మామయ్య షెడ్డులో లేని వేళ చూసి నర్సమ్మని పిలిచి స్టూలు వేశాడు. వాల్వులు గుడ్డతో తుడిచి ఆమెకి చూపించాకే పెట్రోలు పోశాడు. ఆమె టీ తాగింది. ఇంకో టీ తెప్పించాడు. అదీ అయింది. కాగితం పొడిగా ఉంది.

"పోయినసారీ ఇలాగే చూపించావు," అంది.

"పోయినసారి మీకు చూపించింది గ్రీజు నర్సమ్మా." అంతా చెప్పాడు. తనకి తెలీదన్న ముక్క కూడా చెప్పాడు. చెబుతుంటేనే ఆ ముక్క అతనికి ఎబ్బెట్టుగా వినిపించింది.

నర్సమ్మ పొడి కాగితాన్ని వేలితో తడిమి చూసింది.

"లోపల చీముంచి పైన కుట్లేస్తే మమ్మల్ని ఏమంటారో తెలుసా?"

"తెలుసు."

"తెలీదు. నీకు చాలా తెలీవు. ఛీ! ఊరంతా నిన్ను చెవుల మేస్త్రి అంటారు. కళ్లేం చేసుకున్నావయ్యా?"

ఇంజను బిగించడం మర్నాటికి పూర్తయింది. ఆమె కారు నడిపింది, అతన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. కొండ దారి మొదలైంది. మొదటి మలుపు దాటింది. రెండో మలుపులో ఆమె మూడో గేరులోంచి దించకుండానే యాక్సిలరేటర్ తొక్కింది. టర్బో ఈల వేసింది, కారు ముందుకి దూకి మలుపెక్కింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆపింది.

"ఎక్కింది," అంది. "ఇప్పుడు దిగు. నడిచి పో. ఆ రెండో మలుపు కాళ్లతో చూసుకుంటూ పో."

మేస్త్రి దిగాడు. షెడ్డు చేరడానికి గంటన్నర పట్టింది. పన్నెండేళ్లలో ఎన్ని హెడ్లకి తన వేలు తాకిందో దారిలో లెక్క వేయబోయి, ముప్పై దాటాక మానేశాడు.

షెడ్డులో వ్యాను డ్రైవరు ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు. బల్ల మీద హెడ్ బోర్లించి ఉంది. స్ప్రింగులు ఇంకా బిగించలేదు, వాల్వులు ఊరికే కూర్చోబెట్టి ఉన్నాయి. మామయ్య పెట్రోలు సీసా మూత విప్పుతున్నాడు. మరీ సంతోషంగా ఉన్నాడు. నర్సమ్మకి చెప్పేసిన సంగతి ఇంకా తెలీదు.

"రారా, సమయానికొచ్చావు. నువ్వే చూపించు. జనానికి నీ చెయ్యంటేనే గురి."

మేస్త్రి సీసా అందుకున్నాడు. ఒక గుడ్డ పెట్రోలుతో తడిపాడు. ఒక్కో వాల్వునీ పైకి లాగి, అంచు తుడిచి, సీటింగు తుడిచి, మళ్లీ కూర్చోబెట్టాడు. గుడ్డ పచ్చగా అయింది. మామయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు. మేస్త్రి విదిలించుకుని పెట్రోలు పోశాడు.

"టీ చల్లారిపోతోంది, తాగండి తాగండి," అన్నాడు మామయ్య డ్రైవరుతో.

కాగితం మీద మొదటి చుక్క పడింది. పక్కనే ఇంకో రెండు.

డ్రైవరు గ్లాసు కింద పెట్టి ముందుకి వంగాడు. "ఇదేంటిది?"

"ఇంకా పని ఉందన్నమాట," అన్నాడు మేస్త్రి. "సీటింగులు కోయించాలి. మెషిన్ షాపు ఎక్కడో నేను చెబుతాను. ఇక్కడ బిగించకండి."

తర్వాత గోడ దగ్గరికి వెళ్లి తన పానాలు ఏరి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. వాటికీ గ్రీజు అంటి ఉంది. ఒక్కోటీ తుడిచి వేసుకున్నాడు.